చిక్కదనము – తపసి బంక మొదలు రక్తనాళము వఱకు

నిత్యము మన వంటయింటనే మెలగుచు, మనము అంతగా తలపోయని ద్రవ్యగుణమొకటి కలదు. గరిటెనుండి నీరు జాఱినట్లు నూనె జాఱదు. నూనె జాఱినట్లు ఆముదము జాఱదు. ఆముదము జాఱినట్లు ముదురుపాకము జాఱదు. ద్రవము ప్రవహించునప్పుడు దాని పొరలు ఒకదానిపై నొకటి జరుగుచు ఒరసికొనును. ఆ లోపలి ఒరపిడినే శాస్త్రజ్ఞులు స్నిగ్ధత యందురు. మనము చిక్కదనమనియు, జిగటయనియు వాడుక చేయుదుము. ఈ మాసము మేము ఈ గుణమును గూర్చి ముచ్చటింపదలచితిమి. ఖమ్మము దాటి భద్రాచలము వైపు సాగు అడవులలో ఈ చిక్కదనము ఒకచోట గిరిజన స్త్రీకి దక్కు వెలను నిర్ణయించుచున్నది. మఱియొకచోట ఆమె బిడ్డ ప్రాణముతోనే ముడిపడియున్నది. కావున ఇది కేవలము పాఠ్యపుస్తకపు సంగతి కాదు.

మొదట నొక భ్రమను తొలగింపవలెను. బరువు వేఱు, చిక్కదనము వేఱు. ఆముదము నీటిపై తేలును. అనగా నీటికంటె తేలిక. అయినను 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అది నీటికంటె దాదాపు వేయి రెట్లు చిక్కన. వేడి తగిలినకొలది ఈ చిక్కదనము తగ్గును. బాణలిలో పోసిన నూనె కాగినపిమ్మట నీరువలె కదలుట మన మెఱిగినదే. నీరును ఇందుకు మినహాయింపు కాదు. మరుగుచున్న నీటి చిక్కదనము, 20 డిగ్రీల నీటి చిక్కదనములో మూడవవంతుకంటె తక్కువ.

ఈ ఒరపిడికి 1687లో న్యూటను తన గ్రంథమున మొదట లెక్క చూపెను. తరువాతివారు దానినే కొలబద్దగా చేసికొని కంటికి కానరాని సంగతులను కనిపెట్టిరి. మన పాకమునే తీసికొనుడు. పంచదార కరగినకొలది నీరు చిక్కబడును. ఎంత పంచదారకు ఎంత చిక్కబడునో తెలుపు కొలతలనుండి పంచదార అణువుయొక్క పరిమాణమును గణించిన యువకుడొకడు కలడు. ఆయన ఐన్‌స్టయిను, 1905లో ఆయన డాక్టరు పట్టమునకై సమర్పించిన వ్యాసమిదియే. లేతపాకము, తీగపాకము, ఉండపాకము అని వ్రేళ్లతో పరీక్షించు గృహిణి చేయునదియు చిక్కదనపు కొలతయే కదా! ఆమె అరిసెలకై చూచును, ఆయన అణువులకై చూచెను.

మఱియొక ఉదాహరణము. వానకాలమున గోదావరి నీరు బిందెలో ఎంతసేపుంచినను తేటపడదు. ఇసుక వెంటనే దిగును గాని సన్నని బంకమట్టి దిగదు. నీటి చిక్కదనము దానిని పట్టి నిలుపును. కణము ఏ వేగముతో దిగునో 1851లో స్టోక్సు అను పండితుడు సూత్రీకరించెను. ఆ సూత్రము ప్రకారము కణపు పరిమాణము పదిరెట్లయినచో అది దిగు వేగము నూఱురెట్లగును. మన పెద్దలు ఇండుపుగింజను, అనగా చిల్లగింజను, అరగదీసి బిందెలో కలిపెడివారు. దానివలన సన్నని మట్టికణములు ఒకదానితో నొకటి అంటుకొని పెద్దవై శీఘ్రముగా అడుగునకు చేరును. ఈ గింజయు ఈ అడవుల పంటయే. అయితే తేటపడిన నీరెల్ల నిర్దోషమని తలపరాదు; క్రిములు కంటికి కనబడవు గాన ఆ నీటిని మరిగించియే త్రాగవలెను.

యంత్రములకును ఈ గుణమే ఆధారము. ఇల్లెందు, కొత్తగూడెము బొగ్గుగనులలో తిరుగు యంత్రములకు పోయు నూనె రెండు లోహముల నడుమ నిలుచునంత చిక్కగాను, సందులలోనికి పాఱునంత పలుచగాను ఉండవలెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అనేక విమానయంత్రములకు మన ఆముదమునే వాడిరి. ఇక చిక్కదనమున కెల్లయేదియో చూడవలెనన్నచో ఆస్ట్రేలియాకు పోవలెను. 1927లో పార్నెల్ అను ఆచార్యుడు అచ్చటి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున ఒక గరాటులో గట్టి కీలు నింపి, 1930లో దాని మూతిని తెఱచెను. సుత్తితో కొట్టిన పెంకులుగా పగులు ఆ కీలు కూడ ద్రవమే యని చూపుట ఆయన యుద్దేశ్యము. తొమ్మిదవ బొట్టు 2014లో పడినది!

ఇక మన అడవిలోనికి వత్తము. గోదావరికిని శబరికిని ఇరుప్రక్కల గల గుట్టలపై, రాతినేలలలో, తపసిచెట్టు పెరుగును. కొన్నిచోట్ల దీనినే కోవెలచెట్టందురు. వేసవిలో ఆకు రాల్చి, తెల్లని నున్నని బోదెతో వెన్నెలలో నిలిచిన మనిషివలె కానవచ్చును. దీని బెరడునకు గాటు పెట్టినచో బంక స్రవించి, గాలికి గట్టిపడి ముద్దలగును. దీనికి వర్తకలోకమున కరాయా బంక యని పేరు. పూర్వము పారసీక దేశమునుండి వచ్చు ట్రాగకాంత్ అను ఖరీదైన బంకలో కల్తీ చేయుటకై దీనిని వాడిరి. పిమ్మట దీని గుణమే గుర్తింపబడి సొంత పేరుతో దేశాంతరములకు పోసాగెను.

దీని విశేషమేమనగా, ఇది తుమ్మబంకవలె నీటిలో పూర్తిగా కరగదు. నీటిని పీల్చుకొని ఉబ్బును. నూఱుపాళ్ల నీటిలో ఒక్కపాలు మంచి బంకపొడి కలిపి నానబెట్టినచో ఆ నీరు వట్టి నీటికంటె కొన్ని వందల రెట్లు చిక్కబడును. ఐస్‌క్రీము గరుకెక్కకుండుటకును, కట్టుడుపళ్లు చిగురున కంటుకొనుటకును, మలబద్ధకపు మందులకును దీనిని వాడుదురు. కడుపున శస్త్రచికిత్స జరిగి, మలము ప్రక్కమార్గమున సంచిలోనికి వచ్చు రోగులకు, ఆ సంచి చుట్టు చర్మము ఒరసి పుండుపడకుండ 1950 దశకమున అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యాలయమున టర్న్‌బుల్ అను శస్త్రవైద్యుడు ఈ బంకనే ప్రయోగించెను. మన గుట్టలమీది చెట్టుకన్నీరు దూరదేశపు రోగుల మంట నార్పెనన్నమాట.

కాని బంకయంతయు ఒక్కతీరు కాదు. వానలకు ముందు, ఏప్రిలు మొదలు జూను వఱకు సేకరించినది తెల్లగాను, మిక్కిలి చిక్కదనమిచ్చునదిగాను ఉండును. వానలు వెలిసినపిమ్మట తీసినది రంగు మాసి, చిక్కదనము తగ్గియుండును. బెరడు, ఇసుక కలిసినచో విలువ మఱింత పడిపోవును. పొడికొట్టి తేమలో నిలువయుంచినచో వినిగరు వాసన వచ్చును, చిక్కదనము క్షీణించును. మరిగించినను, పులుసు తగిలినను చిక్కదనము తగ్గును. కొనువారు పరికరముతో కొలిచి తరగతి నిర్ణయింతురు. కావున ముద్దలను ఏరి, బెరడు గీచి, రంగులవారీగా వేఱుపఱచు కోయ, కొండరెడ్డి స్త్రీల చేతినేర్పునకు ఆ కొలతయే వెల కట్టుచున్నది. వారి కా కొలత యొక్క పేరు తెలియకపోవచ్చును, తెలిపినవారు అరుదు.

ఈ సంగతి తెలియకపోవుటచే రెండు నష్టములు కలిగినవి. మొదటిది, మంచి బంకను చెడ్డబంకతో కలిపి ఒక్క రేటున అమ్ముకొనుట. రెండవది, ఎక్కువ బంక కావలెనను ఆశతో గొడ్డలితో లోతుగా నఱుకుట. అట్లు నఱికిన చెట్టు మానలేక ఎండిపోవును. ఎన్నో గుట్టలలో తపసిచెట్లు ఆ విధముగనే నశించినవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీఫలసాయమును కొనుచు వచ్చినది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణమున వేఱు సంస్థ వెలసినది. విశాఖపట్టణమున గల కోవెల్ ఫౌండేషను 1994 మొదలు సేకరణకర్తలకు చిన్న గాట్లు పెట్టుట, శుభ్రమైన పాత్రలో పట్టుట, నీడను ఆరబెట్టుట నేర్పుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఇట్టి ఫలసాయముపై అడవివాసులకు హక్కునిచ్చినది. హక్కుతోపాటు కొలత కూడ చేతికి వచ్చిననాడే ఆ హక్కు పండును.

ఇచ్చట గృహిణులకొక హెచ్చరిక. వేసవిలో చలువకని ఇట్టి బంకలను వాడువారు, వానిని సమృద్ధిగా నీరు పోసి పూర్తిగా నానినపిమ్మటనే పుచ్చుకొనవలెను. ఎండు ముద్దను మ్రింగినచో గొంతునందే ఉబ్బి అపాయము తెచ్చును. చిక్కదనమును బట్టి తేనెయొక్క స్వచ్ఛతను నిర్ణయించుటయు తగదు. తేమగల ఋతువున తీసిన అసలు అడవితేనె పలుచగా నుండవచ్చును. పంచదారపాకము కలిపిన కల్తీతేనె మిక్కిలి చిక్కగా నుండవచ్చును. మఱియు ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకింపరాదు. అందలి సూక్ష్మబీజములు పసికడుపున విషము పుట్టింపగలవు.

ఇంతవఱకు చెట్టు రసమును గూర్చి చెప్పితిమి. మన దేహమునందును అట్టి రసమొకటి ప్రవహించుచున్నది. నెత్తురు నీటికంటె సుమారు నాలుగైదు రెట్లు చిక్కన. అది సన్నని నాళములలో ఎట్లు పాఱునో తెలియగోరి ఫ్రాన్సు దేశపు వైద్యుడు ప్వాజయ్ 1840 ప్రాంతమున సన్నని గాజుగొట్టములలో నీటిని ప్రవహింపజేసి కొలిచెను. చిక్కదనపు కొలతకు ఆయన పేరుననే పాయిజ్ అని పేరు పెట్టిరి. ఆయన కనిపెట్టినదేమనగా, ద్రవము రెండింతలు చిక్కనైనచో ప్రవాహము సగమగును. కాని గొట్టపు వ్యాసము సగమైనచో ప్రవాహము పదునాఱవ వంతునకు పడిపోవును.

ఈ లెక్క భద్రాచలపు మన్యమున కన్నీటి కథయగుచున్నది. అచ్చటి గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి వంశానుగతముగా కలదు. 1910లో షికాగో వైద్యుడు హెరిక్ దీనిని మొదట వర్ణించెను; 1952లో మన దేశమున నీలగిరులయందు గుర్తింపబడినది. దీని మూలము రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థమునందే యున్నదని 1949లో పౌలింగ్ ప్రభృతులు చూపిరి. ఆ పదార్థము ప్రాణవాయువును విడిచినప్పుడు కడ్డీలుగా పేరుకొనును. మెత్తగా వంగి సాగిపోవలసిన రక్తకణము కొడవలివలె వంకరయై బిఱుసెక్కును. అంతట నెత్తురు చిక్కబడి, సన్ననాళము పూడుకొని, ఎముకలలోను కీళ్లలోను దుర్భరమైన నొప్పి పుట్టును. మామూలు కణము 120 దినములు జీవించును. ఈ వంకర కణము పది యిరువది దినములకే నశించును. అందుచే బిడ్డ పాలిపోవును, కండ్లు పచ్చబాఱును.

ఇట్టి బిడ్డకు గాలి సోకినదనియో, తల్లి నోము తప్పినదనియో పలుకుట కలదు. సోదరీమణులారా, ఇది సత్యము కాదు. తల్లికిని తండ్రికిని ఇరువురకును ఈ లక్షణమున్ననే బిడ్డకు వ్యాధి కలుగును. ఒక్కరినుండి మాత్రమే లక్షణము సంక్రమించినవారు సాధారణముగా ఆరోగ్యముగానే యుందురు. అంతియే కాదు, వారు మలేరియా ధాటికి కొంత తట్టుకొందురని 1954లో ఆలిసన్ చూపెను. మలేరియా పీడించిన అడవులలో ఈ లక్షణము నిలిచియుండుటకు కారణమిదియే. దంపతులిద్దఱు వాహకులైనచో ప్రతి కానుపునకును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాల్గింట నొకవంతు అవకాశమున్నది. నింద తల్లిపై మోపుట అన్యాయమే కాక అజ్ఞానము కూడ.

మఱి చేయదగినదేమి? ఇట్టి బిడ్డ దేహమున నీరు తగ్గనీయరాదు. నీరు తగ్గిన నెత్తురు మఱింత చిక్కబడును. ఎండలో నడిపింపరాదు, చన్నీట ముంపరాదు. జ్వరము వచ్చిన ఒక్కపూటయైనను జాగుచేయక వైద్యుని చూపవలెను. నొప్పులను తగ్గించు హైడ్రాక్సీయూరియా అను ఔషధము కలదు. దానిని వైద్యుని పర్యవేక్షణమున మాత్రమే వాడవలెను, గర్భిణులకు అది తగదు. రక్తహీనత కదాయని మితిమీఱి రక్తమెక్కించినను చిక్కదనము పెరిగి కీడు కలుగును. అందుచే వైద్యులు కొలిచియే యెక్కింతురు. 2023 జూలై 1న భారత ప్రభుత్వ మారంభించిన జాతీయ కార్యక్రమము క్రింద గిరిజన ప్రాంతములలో నలుబదియేండ్ల లోపువారి రక్తమును పరీక్షింప సంకల్పించిరి; 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని లక్ష్యము.

పెండ్లిచూపులనాడు జాతకములు పొంతన చూచు ఆచారము మనలో నున్నది. ఈ వ్యాధిగల ప్రాంతములలో వధూవరుల రక్తపరీక్ష పత్రములు కూడ పొంతన చూచుట మేలని మా మనవి. ఇందు సిగ్గుపడవలసినది లేదు, దాచవలసినది అంతకన్న లేదు. పాకము ముదురక మునుపే పొయ్యిమీదినుండి దింపు నేర్పు గల ఇల్లాలికి, సమయము మించక మునుపే మేలుకొనుట వేఱుగా నేర్పనక్కఱ లేదు.