కూత వేయని కుక్కరు, మణికట్టు మేలుకొలుపు

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లున్న వీథిని పగలు పదిగంటల వేళ నడచిపోవు క్రొత్తవారికి ఒక వింత గోచరించును. కొన్ని యిండ్ల తలుపులు మూసియుండును. కిటికీలకు దుప్పట్లు వ్రేలాడుచుండును. వాకిట నాడుకొను పిల్లలను ఇల్లాలు పెదవులపై వ్రేలుంచి వారించుచుండును. లోపల నెవరికో జబ్బు చేసినదని వారు భ్రమపడుదురు. జబ్బేమియు లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన యజమాని నిద్రించుచున్నాడు.

ఈ నెల క్రొత్త గృహోపకరణములను గూర్చి వ్రాయుదమని తలచినపుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినవి ఈ మూసిన తలుపులే. అంగడివారు యంత్రము వెల యెంతయో, అది యెంత పని చేయునో చెప్పుదురు గాని, యెంత చప్పుడు చేయునో చెప్పరు. మూడు షిఫ్టుల యూరిలో నదియే మొదటి ప్రశ్న. నిద్ర చాలని మనుష్యుడు భూమిక్రింద గని పైకప్పును కనిపెట్టి చూడవలసిన వేళ క్షణమాత్ర మేమరినచో నేమగునో ఆ యిండ్ల స్త్రీలకు మేము చెప్పనక్కఱలేదు.

మన వంటయింటి యంత్రములలో పెక్కు గయ్యాళులు. పల్లీల పచ్చడికై మిక్సీ త్రిప్పినచో ప్రక్కయింటివారును మేల్కొందురు. అందుచే నాతడు గనినుండి రాకమున్నే ఆ పని ముగించుకొను నిల్లాండ్రు కలరు. రోటిని పెరటిలో నింకను పదిలపఱచుకొన్న వారును కలరు. అది పాతకాలపు మోజని యెవరైన ననుకొన్న ననుకొందురు గాక; ఒకరి నిద్రకై చేసికొన్న యేర్పాటది.

కుక్కరు సంగతియు నంతే. ఆవిరిని బంధించి వండు పాత్రను డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో నిర్మించెను. పప్పునకు మూడు కూతలు, మాంసమునకు ఆఱు కూతలు అని లెక్కించుట మనవారి యలవాటు. ఆ కూతలే నిద్రించువాని చెవికి శూలములు. ఇప్పుడు లక్ష్మీనగర్ అంగళ్లలో దొరకు విద్యుత్ కుక్కరు కూత వేయదు. అడుగున నమర్చిన మీట వేడిని కనిపెట్టి, చాలినంతనే మంటను తానే తగ్గించుకొనును. మంట యంటిమి గాని మంట లేదు. అలవాటు చొప్పున వ్రాసితిమి.

తానే ఆగిపోవు అన్నపు కుక్కరు పుట్టుక సోదరీమణులు తెలిసికొనదగినది. జపానులో తోషిబా సంస్థవారు దానిని 1955లో అమ్మకమునకు దెచ్చిరి. నిర్మాత మినామి యోషితాద. కాని యేండ్ల తరబడి బియ్యము వండి, నీరెంత, వేడి యెంత, యే నిమిషమున నన్నముడికెనో పరీక్షించి వ్రాసికొన్నది ఆయన భార్య ఫుమికో. వెలుపలి గిన్నెలో కొలిచి పోసిన నీరు ఇగిరిపోగానే వేడి నూఱు డిగ్రీలు దాటును. అంతట రెండు లోహముల రేకు వంగి మీటను కట్టివేయును. ఉపాయ మింతే. ఇంత చిన్న యుపాయమున కన్ని యేండ్ల వంట పట్టినది!

నేల యూడ్చు రోబో యంత్రమును గూర్చి మా యభిప్రాయ మంత మంచిది కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల చెంతనున్న యిండ్లలో ప్రొద్దున తుడిచిన గచ్చుపై మధ్యాహ్నమునకే నల్లని పొడి పేరుకొనును. దాని కడుపులోని డబ్బా చిన్నది, పలుమాఱు దులుపవలెను. రెండు గదుల క్వార్టరులో మంచముకోళ్లు, బిందెలు, వైర్లు దాని కడ్డుదగులును. ఎక్కడనైన చిక్కుకొన్నచో తన్ను విడిపింపుడని బిగ్గఱగా మొఱపెట్టు యంత్రము లున్నవి! అప్పుడు నిద్ర గతి యేమి? బొగ్గుపొడిని లేపక యద్దుకొని తీయుటకు తడిగుడ్డను మించినది మాకు కనబడలేదు. పలుకరించిన పలుకు స్పీకరు పెట్టెకును ఈ వీథిలో పగటిపూట పని లేదు.

యంత్రము వచ్చినంతనే ఇల్లాలికి విశ్రాంతి కలుగునన్న మాటను రూత్ ష్వార్ట్జ్ కోవన్ అను అమెరికా చరిత్రకారిణి 1983లో ప్రకటించిన గ్రంథమున ప్రశ్నించినది. బట్టలుదుకు యంత్రము వచ్చిన పిదప వెనుకటికంటె నెక్కువ బట్టలుదుకవలసి వచ్చెననియు, చాకలికిచ్చిన పనియు గృహిణిపైననే పడెననియు నామె వ్రాసినది. మిగిలిన ప్రొద్దు ఎవరి పాలగుచున్నదని మనమును చూచుకొనవలదా?

మా యెఱుకనున్న యొక యింట జరిగినది చెప్పెదము. ఆ యజమాని చేతికి కట్టుకొను బ్యాండు నొకదానిని కొనితెచ్చెను. అది మ్రోగదు, వేళకు మణికట్టుపై వణకి, ధరించినవానిని మాత్రమే లేపును. ఆకుపచ్చని వెలుతురుతో నాడిని, లోపలి మఱియొక పరికరముతో కదలికను కనిపెట్టి, యెంతసేపు నిద్రించిరో సెల్‌ఫోనునకు తెలుపును. కదలక పరుండిన మెలకువను సైతము నిద్రగా లెక్కించుటయు కలదు గనుక, అది చెప్పినదెల్ల వేదము కాదు.

భూగర్భ బొగ్గుగనిలోనికి అట్టి బాటరీ వస్తువును కొనిపోరాదు. మీథేనను వాయువు చేరిన చోట చిన్న నిప్పురవ్వయు చాలును. కావున నాతడు పనికిబోవు వేళ పట్టీ యింటనే యుండెడిది. వేడుకకై ఇల్లాలు కట్టుకొన్నది, ముచ్చటపడి కొన్నాళ్లుంచుకొన్నది.

మొదటి షిఫ్టు వారమున క్యారియరు కట్టుటకు నాలుగింటికే లేచును. రెండవ షిఫ్టు వారమున ఆతడు వచ్చి భోజనము చేయువఱకు మేల్కొని యుండును. రాత్రి షిఫ్టు వారమున పగలంతయు చప్పుడునకు కావలి. పదునైదు దినములకు పట్టీ చూపిన లెక్క, రాత్రి కైదు గంటలలోపు. అదియు రెండు ముక్కలు. ఆతడు చూచి, “ఇది చెడిపోయినట్లున్నది, దుకాణములో చూపింతము” అనెను. “నిన్నటివఱకు మీ చేతికి సరిగనే లెక్కించినది గదా!” అని యామె బదులు చెప్పినది.

ఆతడు కొంతసేపు మాటాడలేదట. పిమ్మట రెండవ షిఫ్టు వారము వచ్చినపుడు, అన్నము కుక్కరులోనే వెచ్చగా నుండును గనుక తానే వడ్డించుకొందుననియు, ఆమెను పరుండుమనియు చెప్పెను. అత్తగారికిది రుచింపలేదు. ఇల్లాలికిని మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తలుపు గడియ చప్పుడునకే చెవి యొగ్గి పరుండినదట. మూడవనాటి రాత్రి ఆతడు వచ్చినది, తిన్నది, గిన్నె కడిగినది ఆమె యెఱుగదు.

మొన్న మేము వారింటికి బోయినపుడు పట్టీ యామె చేతనే యున్నది. దసరాకు సింగరేణి లాభములలో వాటా చేతికందిన పిమ్మట రెండవది కొందురట.