ఒకే వకీలు, రెండు సంతకాలు: సంత జీపు కేసు గురించి మా మాట



మేం పాడేరు ఏజెన్సీ పిల్లలం. కొండ దిగి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా రూములో ఆరుగురం. ఆరుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అందుకే ఊళ్లో ఎవరి చేతికి ఏ కాగితం వచ్చినా ఫోటో తీసి మాకే పంపుతారు. "చదువుకుంటున్నారు కదా, ఇదేంటో చెప్పండి" అంటారు. అలా వచ్చిన కొన్ని కాగితాల గురించే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాలుగు నెలల కింద సంత నుంచి తిరిగి వస్తున్న సర్వీసు జీపు ఘాట్ మలుపులో బోల్తా పడింది. ప్రాణాలు పోలేదు, అదొక్కటే అదృష్టం. మా రూములో ఒకడి నాన్నకి కాలు రెండు చోట్ల విరిగింది. జీపు నడిపింది మా రూములోనే ఇంకొకడి అన్న. జీపు కూడా అతనిదే, ఫైనాన్సు మీద కొన్నది. తాగి నడిపాడని పోలీసులు కేసు రాశారు. వీళ్లిద్దరి మంచాలూ మా రూములో పక్కపక్కనే ఉంటాయి. రెండు వారాలు ఒకడితో ఒకడు మాట్లాడలేదు.

దెబ్బలు తగిలినవాళ్లు ఆసుపత్రిలో ఉండగానే కింద పట్నంలో ఉండే ఒక వకీలు తరఫున ఒక మనిషి వచ్చాడు. యాక్సిడెంటు నష్టపరిహారం కేసులు, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు ఆ వకీలుకి రోజూ పనేనట. "రూపాయి ఇవ్వొద్దు, డబ్బు వచ్చాక మూడో వంతు ఇవ్వండి చాలు" అని చెప్పి మా వాడి నాన్న చేత తెల్ల కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. బ్యాంకు పాస్‌బుక్కు కూడా పట్టుకుపోయాడు. అదే మనిషి మర్నాడు డ్రైవరు అన్న దగ్గరికీ వెళ్లాడు. "తప్పు ఒప్పేసుకో, ఫైను కట్టేద్దాం, ఒక్క పూటలో అయిపోతుంది" అన్నాడు. అక్కడా సంతకాలు తీసుకున్నాడు.

ఈ సంగతి తెలిశాక ఊళ్లో రెండు మాటలు మొదలయ్యాయి. "తాగి నడిపినోడి తరఫున నిలబడే లాయరు అసలు మనిషేనా" అన్నారు కొందరు. "పోనీలే, కనీసం మన కొండకి వచ్చినోడు ఆయనొక్కడే కదా" అన్నారు మిగతావాళ్లు. రెండు మాటలూ తప్పే అని మేం అనుకుంటున్నాం. ఎందుకో చెప్తాం.

ముందు మొదటి మాట. తాగి నడపడాన్ని మేం వెనకేసుకు రావట్లేదు. జీలుగు కల్లు మన ఇళ్లలో, మన పండగల్లో ఉన్నదే. అయితే పన్నెండు మందిని ఎక్కించుకుని ఘాట్ దిగేవాడు ఆ రోజు కల్లు ముట్టుకోకూడదు, అంతే. కానీ చట్టం వాసన చూసి శిక్ష వేయమనలేదు, ఒక కొలత పెట్టింది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాలు తేలాలి. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల ఫైను, లేదా రెండూ. మరి ఆ అన్నకి ఊదించారా, రక్తం తీశారా, ఎంత వచ్చింది? అతనికే తెలీదు. రిపోర్టు వకీలు చూపించలేదు, ఇతను అడగలేదు. "ఏజెన్సీవాడు కదా, తాగే ఉంటాడు" అనే మాటని కోర్టులో నిలదీసి, ఆ కొలత చూపించమని అడగడానికే వకీలు ఉండాలి. నిజంగా ఎక్కువ తాగి ఉంటే శిక్ష పడనివ్వండి. కొలత చూడకుండా ఒప్పేసుకోమనడం మాత్రం వాదించడం కాదు, వదిలించుకోవడం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మా వాడి నాన్న వేసే నష్టపరిహారం కేసులో ఎదురు పక్షం ఎవరు? జీపు ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ. ఓనరు అంటే ఆ అన్నే. అతను తాగి నడిపానని ఒప్పుకుంటే కంపెనీ ఆ ముక్క పట్టుకుని "పాలసీ షరతు తప్పారు, మా బాధ్యత లేదు" అంటుంది. ఇలాంటి చోట ట్రిబ్యునళ్లు చాలాసార్లు ముందు బాధితుడికి కంపెనీ చేత కట్టించి, తర్వాత ఆ సొమ్మంతా ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటాయి. అంటే ఒక్క పూటలో అయిపోతుందన్న ఫైను వెనక, ఫైనాన్సు తీరని జీపు, ఇంత పొలం, ఒక తమ్ముడి చదువు ఉన్నాయి. ఒక పక్షానికి పని చేసిన వకీలు అదే గొడవలో ఎదుటి పక్షానికి పని చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. కేసు ఫలితానికి ఫీజు ముడిపెట్టకూడదు, వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదు అని కూడా నియమమే. అందుకే ఆ వకీలు తాగినోడి తరఫున నిలబడినందుకు మాకు అభ్యంతరం లేదు. ఇద్దరి దగ్గరా సంతకం తీసుకుని ఎవరి తరఫునా నిలబడకపోవడమే మా అభ్యంతరం.

ఇప్పుడు రెండో మాట, "వచ్చినోడు ఆయనొక్కడే". మూడో వంతు అంటే ఎంతో లెక్క వేసి చూశాం. మా వాడి నాన్నకి 42 ఏళ్లు. నెలకి 9 వేలు సంపాదన అనుకుందాం, ఏడాదికి 1,08,000. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో వయసుని బట్టి గుణకాలు చెప్పింది. 41 నుంచి 45 ఏళ్లవాళ్లకి 14. కాలికి 20 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ వస్తే, ఆ లెక్కన సంపాదన నష్టం 3,02,400. ఆసుపత్రి ఖర్చులు, నొప్పి, బాధ వీటికి విడిగా అడగొచ్చు. ఈ ఒక్క ముక్కలోనే మూడో వంతు అంటే లక్షా ఎనిమిది వందలు.

పోయేది అదొక్కటే కాదు. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. సర్టిఫికెట్లో శాతం వేరు, ఆ మనిషి చేసే పనికి కలిగే నష్టం వేరు, రెండోదాన్ని చూసి లెక్క కట్టాలి అని. కుర్చీలో కూర్చుని పని చేసేవాడికి 20 శాతం అంటే 20 శాతమే కావచ్చు, ఇంకా తక్కువ కూడా కావచ్చు. కానీ మా వాడి నాన్న కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లెక్కి మిరియాలు కోస్తాడు, మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగుతాడు. ఆ కాలితో ఇంక చెట్టెక్కలేడు. నష్టం సగమని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే అదే లెక్క 7,56,000 అవుతుంది. ఈ తేడా రావాలంటే మిరియాలు ఎలా కోస్తారో జడ్జిగారికి ఎవరో ఒకరు వివరించాలి, సాక్షిని పెట్టాలి. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న మనిషి ఆయన్ని "కూలీ" అని రాసుకుని వెళ్లాడు. ఏం కూలీ అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇదంతా మాకు ముందే తెలుసని కాదు. కాలేజీలో న్యాయ సేవల సంస్థవాళ్లు సదస్సు పెట్టినప్పుడు టీ కోసం వెళ్లాం, నిజం చెప్పాలంటే. అక్కడ తెలిసింది, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారని. దెబ్బ తగిలినవాడికీ ఇస్తారు, కేసు పడినవాడికీ ఇస్తారు. మండల న్యాయ సేవల కమిటీకి గానీ, జిల్లా సంస్థకి గానీ మామూలు కాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

"ఫ్రీ లాయరు పట్టించుకోడు" అని మీలో కొందరు అంటారు. మా ఇళ్లలోనూ అన్నారు. అలా జరగదని మేం చెప్పం. కానీ ఆ వకీలు పట్టించుకోకపోతే సంస్థకి రాసి ఇంకొకరిని అడగొచ్చు. మూడో వంతు వకీలు మీద ఎవరికి రాస్తాం? పైగా కాగితం ఎక్కడిదాకా వచ్చిందో వెళ్లి అడిగే పని మనం చేయొచ్చు కదా. కొండ మీది ముసలాయన బస్సెక్కి కోర్టుకి పోలేడు. పోయినా, కువి మాట తప్ప రాని మనిషికి అక్కడ ఏ గదిలోకి వెళ్లాలో తెలీదు. మనకి తెలుసు.

మా రూములో చివరికి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని రెండు అర్జీలు రాశారు. ఇద్దరికీ వేర్వేరు వకీళ్లని ఇవ్వమని అందులో స్పష్టంగా రాశాం. పాత వకీలుని కాగితాలు వెనక్కి అడిగితే ఖర్చులకి 10 వేలు కట్టి పట్టుకుపొమ్మన్నాడు. ఫీజు బాకీ ఉందని వకీలు కక్షిదారు ఫైలు ఆపుకోకూడదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట కూడా అర్జీలో రాశాం. వేలిముద్రలున్న తెల్ల కాగితాలు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి.

గడువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం యాక్సిడెంటు జరిగిన ఆరు నెలల్లోపు నష్టపరిహారం కేసు వేయాలి. ఈ గడువుని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్లు ఉన్నారు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మాకు ఇంకా రెండు నెలలే ఉంది.

గ్రూపులో అందరినీ అడిగేది ఇది. మీ ఊళ్లో యాక్సిడెంటు జరిగితే ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, బిల్లులు అదే వారంలో ఫోటో తీసి పెట్టండి. తెల్ల కాగితం మీద ఎవరూ వేలిముద్ర వేయకుండా చూడండి. కేసు పడినవాడు మన వాడైనా, మనకి నచ్చనివాడైనా, రిపోర్టు చూడకుండా తప్పు ఒప్పుకోనివ్వకండి. లగేజీ ఆటోల్లో, సరుకుల వ్యానుల్లో సంతకి వెళ్లొద్దని ఇళ్లలో చెప్పండి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. వేరే బండి లేకే ఎక్కుతున్నారని మాకూ తెలుసు. అయినా చెప్పండి.

చివరిగా ఒకటి. మనలో టీచరు అవుతామనేవాళ్లు ఉన్నారు, పోలీసు అవుతామనేవాళ్లు ఉన్నారు, నర్సింగ్ చేస్తున్న చెల్లెళ్లు ఉన్నారు. లాయరు అవుతానని ఈ గ్రూపులో ఒక్కరూ రాయగా మేం చూడలేదు. ఇంటర్ అయితే ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయితే మూడేళ్ల కోర్సు, రెండింటికీ లాసెట్ రాయాలి. మిరియాలు ఎలా కోస్తారో వివరం అడగక్కర్లేని వకీలు మనకి కావాలి. మా రూములో ఒకడు ఈసారి లాసెట్ రాస్తానంటున్నాడు. వాడు డ్రైవరు అన్న తమ్ముడే. పాత పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే మాకు చెప్పండి, వచ్చి తీసుకుంటాం.

జోహార్.