కాంపాక్ట్ రైఫిల్, పెద్ద కాలిబర్ సరే... బుల్లెట్ ఆగేది ఎక్కడ?

బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని ఉంటే చాలు, ఫొటోలు అదిరిపోతాయని నమ్మే రోజులు పోయాయి. సెన్సర్ సైజ్ ఎంత, లెన్స్ ఏంటి, ప్రాసెసింగ్ ఎలా ఉంది అని అడిగే స్టేజ్‌కి మనం వచ్చేశాం. కానీ వేట రైఫిళ్ల టాపిక్ వస్తే మాత్రం మన బ్యాచ్‌లో చాలామంది మళ్లీ బాక్స్ మీద నంబర్ దగ్గరే ఆగిపోతున్నారు. ".375 అయితే అడవి దున్న కూడా అక్కడికక్కడే పడిపోద్ది", "చిన్న బ్యారెల్, పెద్ద కాలిబర్, అదే బెస్ట్ కాంబో" లాంటి మాటలు మా ఆఫీస్ క్యాంటీన్‌లోనే వారానికి ఒకసారి వింటాను. అమెరికా యూట్యూబ్ వీడియోల పుణ్యం.

ముందే ఒక క్లారిటీ. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం సరదా వేట నేరం. ఇది "టాప్ 5 కొనాల్సిన రైఫిల్స్" ఆర్టికల్ కాదు. మరి ఎందుకు రాస్తున్నానంటే, మైలవరం వైపు మా పెదనాన్న వాళ్లకి మొక్కజొన్న చేను ఉంది. కొండపల్లి అడవి నుంచి పందులు దిగితే ఒక్క రాత్రిలో కంకులన్నీ తొక్కేసి పోతాయి. మొన్న సంక్రాంతికి వెళ్తే, "ఏరా, నువ్వు ఇంజనీరువి కదా, ఈ పందులకి ఏదన్నా మిషను లేదా?" అని అడిగాడు. లేదు పెదనాన్నా అని ఊరుకోవడం ఈజీ. కానీ మిషను దొరకనివాళ్లు ఏం చేస్తున్నారో మీకూ తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు లాగి చేను చుట్టూ తీగ కడుతున్నారు. పంది కోసం కట్టిన ఆ తీగ తగిలి మనుషులు పోయారన్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ చదువుతున్నదే. ఇంకొందరు నాటు బాంబులు పెడుతున్నారు. అది కొరికిన ఆవు దవడ ఏమవుతుందో వర్ణించను.

కాబట్టి ఏ రైఫిల్, ఏ కాలిబర్ అన్నది మన ఊళ్లలో టైంపాస్ ప్రశ్న కాదు. పంటను నాశనం చేసే అడవి పందిని చట్ట ప్రకారం కాల్చే దారి ఒకటుంది. దాని గురించి తర్వాత చెప్తాను. ముందు స్పెక్ షీట్ తెరుద్దాం.

బుల్లెట్ ఎనర్జీ అంటే ఇంటర్ ఫిజిక్సే: బరువులో సగాన్ని వేగం స్క్వేర్‌తో గుణించడం. .30-06 అనేది 1906 నాటి అమెరికన్ కార్ట్రిడ్జ్. 180 గ్రెయిన్ల బుల్లెట్, అంటే సుమారు 11.7 గ్రాములు, సెకనుకి 820 మీటర్ల పైచిలుకు వేగంతో బయటికొస్తుంది. లెక్కేస్తే 3,900 జూల్స్ దాటుతుంది. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ 300 గ్రెయిన్ల బుల్లెట్‌ని సుమారు 770 మీటర్ల వేగంతో పంపుతుంది, అది 5,700 జూల్స్ పైమాటే. పేపర్ మీద చూస్తే రెండోదే విన్నర్. ఆఫ్రికాలో అడవి గేదెలు, ఏనుగుల దగ్గరికి వెళ్లేవాళ్లు దాన్ని ఎంచుకోవడానికి కారణమూ అదే.

ఇప్పుడు దాన్ని కాంపాక్ట్ చేయండి. స్లిమ్ ఫోన్‌లో ఫ్లాగ్‌షిప్ ప్రాసెసర్ పెడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, పది నిమిషాల గేమింగ్‌కే థ్రాటిల్ అవుతుంది. రైఫిల్‌లోనూ ఇలాంటి ఖర్చు ఉంది. కార్ట్రిడ్జ్ అదే ఉంచి రైఫిల్ బరువు 20 శాతం తగ్గిస్తే, భుజానికి తగిలే రీకాయిల్ ఎనర్జీ 25 శాతం పెరుగుతుంది. మొమెంటం మారదు, బరువు మాత్రమే తగ్గింది కాబట్టి లెక్క అంతే. బ్యారెల్ కోస్తే వేగం కూడా పోతుంది. ఒక్కో అంగుళానికి సెకనుకి 20 నుంచి 30 అడుగులు తగ్గుతుందని మోటు లెక్క. 24 అంగుళాల .30-06 ని 18 అంగుళాలు చేస్తే వేగం 2,700 అడుగుల నుంచి దాదాపు 2,550కి వస్తుంది, ఎనర్జీలో పదో వంతు పోయినట్టే. మందు ఎక్కువ పట్టే మాగ్నమ్‌లలో నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ మందులో కొంత బ్యారెల్ బయట మంటగా కాలిపోతుంది. ఫలితం ఏంటంటే చెవులు పగిలే శబ్దం, కళ్లముందు మెరుపు, భుజం మీద గుద్దు. రెండో షాట్‌కి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోతాయి. ఎనర్జీ ఎంతున్నా తగలాల్సిన చోట తగలకపోతే ఆ జూల్స్ ఎందుకు?

పాత వేటగాళ్లకి ఇది లెక్కలు వేయకుండానే తెలుసు. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిల్ కాలిబర్ .275, మరో పేరు 7x57 మౌజర్. ఈ రోజు యూట్యూబ్ లెక్కలో అది జింకలకి వాడే సైజు. 436 మందిని చంపిందని పేరుపడ్డ పులి కథలో పుట్టిన రైఫిల్ అది! కార్బెట్ దగ్గర .450/400 డబుల్ బ్యారెల్ కూడా ఉండేది, కానీ కొండలెక్కి మైళ్లు నడవాల్సినప్పుడు తేలికైన రిగ్బీ విలువేంటో వేరే చెప్పాలా. మన ఆంధ్ర అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ పద్ధతి వేరు. శేషాచలం కొండల చామల లోయ దాకా వచ్చి పులుల వెంట పడిన ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్, మోడల్ 1895 లీవర్ యాక్షన్. బరువైన బుల్లెట్, తక్కువ వేగం. దట్టమైన పొదల్లో పాతిక అడుగుల దూరంలో పులి ఎదురైతే అది పనికొస్తుంది. ఇద్దరి రైఫిళ్లూ వాళ్లు నడిచే నేలకి సరిపోయినవే. నాకు నచ్చిన పాయింట్ ఇదే.

మరి మన నేల ఏంటి? కొండపల్లి, మైలవరం వైపు గుట్టలున్నాయి. ప్రకాశం బ్యారేజీ దాటి కిందికి రండి. ఉయ్యూరు, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ... నేల బల్లపరుపు. వరి, చెరకు, చేపల చెరువులు, ఎటు చూసినా కిలోమీటర్‌కో ఊరు. .30-06 బుల్లెట్ గురి తప్పితే మూడు నాలుగు కిలోమీటర్లు ఎగరగలదు. డెల్టాలో అంత దూరంలో ఎవరూ లేని దిక్కు ఒకటి చూపించండి చూద్దాం. తెల్లవారుజామున మూడింటికి కూడా ఎవరో ఒకరు నీళ్లు కట్టడానికి పొలంలో ఉంటారు.

దీనికి చిన్న లెక్క వేశాను. పంది ఛాతీ నేల నుంచి అర మీటర్ ఎత్తులో ఉందనుకుందాం, దూరం 40 మీటర్లు. నేల మీద నిలబడి, గన్ 1.4 మీటర్ల ఎత్తులో పెట్టి కాలిస్తే, పందిలోంచి దూసుకుపోయిన బుల్లెట్ ఇంకో 22 మీటర్లు పోయాక గానీ నేలని తాకదు. అదీ ఒకటిన్నర డిగ్రీల లోపు వాలులో. అంత తక్కువ వాలులో నీళ్లు నిలిచిన మడిని తాకితే బుల్లెట్ చెరువు మీద పెంకు విసిరినట్టు ఎగిరిపోతుంది. అదే మూడు మీటర్ల మంచె ఎక్కి కూర్చుని, గన్ నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే, వాలు అయిదు డిగ్రీలు, నేల తాకేది ఆరు మీటర్ల లోపే. దూరం 20 మీటర్లకి తగ్గిస్తే వాలు పది డిగ్రీలు. తాతల కాలం నాటి మంచె మీ భద్రతని ఏ కాలిబర్ అప్‌గ్రేడ్ కన్నా ఎక్కువ పెంచుతుందన్నమాట. ఖర్చు నాలుగు సరుగుడు గుంజలు.

అందుకే నా ఒపీనియన్ సూటిగా చెప్తాను: పల్లపు డెల్టాలో రైఫిల్ వద్దు, ఏ కాలిబర్‌దైనా సరే. అక్కడ 12 బోర్ డబుల్ బ్యారెల్ చాలు. స్లగ్ వేస్తే 28 గ్రాముల సీసం, దగ్గర్లో 3,000 జూల్స్ వరకు ఇస్తుంది, 40 మీటర్ల లోపు ఏ పందికైనా ఎక్కువే. మొద్దుగా, బరువుగా ఉంటుంది కాబట్టి వేగం త్వరగా కోల్పోతుంది, రైఫిల్ బుల్లెట్ అంత దూరం పోదు. దానికీ మంచె కావాలి, అది వేరే మాట. కొండపల్లి వైపు, వెనక గుట్ట ఉన్నచోట మాత్రం .30-06, 22 అంగుళాల బ్యారెల్, సాఫ్ట్ నోజ్ బుల్లెట్. సాఫ్ట్ నోజ్ ఎందుకంటే అది లోపల విచ్చుకుని చాలావరకు ఎనర్జీ అక్కడే దింపుతుంది. పూర్తి జాకెట్ ఉన్నది అటు నుంచి ఇటు దూరి పోతుంది. పైగా ముదురు మగ పందికి భుజాల మీద గట్టి కవచం లాంటి పొర ఉంటుంది. సీసపు చిన్న గుళ్లు దానికి తగిలితే జంతువు చావదు, గాయంతో చెరకు తోటలో దూరుతుంది. పొద్దున్నే అక్కడికి గడ్డి కోసుకోడానికి వెళ్లేది మన అత్తలో పిన్నులో.

ఎయిర్ గన్ గురించి అడిగేవాళ్లకి ఒక్క ముక్క. మన రూల్స్‌లో లైసెన్స్ లేకుండా దొరికే .177 ఎయిర్ గన్ పవర్ లిమిట్ 20 జూల్స్. పైన చెప్పిన .30-06 కి అది దాదాపు 200వ వంతు. పేపర్ టార్గెట్లు కొట్టుకోండి, హ్యాపీగా.

అసలు ఎంచుకునే చాయిస్ మనకి ఉందా అంటే, చాలా తక్కువ. కాంపాక్ట్ రైఫిల్‌కి ప్రపంచం మొత్తం మెచ్చే కార్ట్రిడ్జ్ .308 వించెస్టర్. కేసు పొడవు 63కి బదులు 51 మిల్లీమీటర్లు, యాక్షన్ పొట్టిగా ఉంటుంది, చిన్న బ్యారెల్‌లో నష్టం తక్కువ. కానీ అది సైన్యం వాడే 7.62కి కజిన్. సైన్యం గుళ్లు పేల్చగల .303, 7.62 బోర్లు ఇక్కడ ప్రొహిబిటెడ్. .315 అనే వింత నంబర్ మన దేశంలోనే ఎక్కువ వినిపించడానికి కారణం కూడా ఇలాంటి రూలే. బ్రిటిష్ కాలంలో సైన్యం కాలిబర్ సివిలియన్ల చేతికి పోకూడదని పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ కార్ట్రిడ్జ్‌ని తీసుకుని లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్‌లో పెట్టారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు చెబితే మనవాళ్లకి ఇప్పటికీ గుర్తొచ్చేది అదే. దిగుమతి మామూలు మనిషికి 1980ల నుంచి బంద్. 2019 సవరణతో ఒక మనిషి పెట్టుకోగల గన్‌లు మూడు నుంచి రెండుకి తగ్గాయి.

ఇక రైతు సంగతి చూడండి. ఆయుధ చట్టం, 1959లో సెక్షన్ 13 చదివితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రక్షణకో స్పోర్ట్‌కో అడిగే పౌరుడికి 20 అంగుళాలకి తగ్గని బ్యారెల్ ఉన్న స్మూత్ బోర్ గన్. పంట కాపాడుకునే రైతుకి? మజిల్ లోడర్. అంటే బ్యారెల్ మూతి నుంచి మందు దట్టించి, గుండ్లు పోసి, కూరి పేల్చే నాటు తుపాకీ టెక్నాలజీ. ఒక్క షాట్, గురి అంతంతమాత్రం, వానలో మందు తడిస్తే అదీ లేదు. గాయపడ్డ పంది తిరగబడితే మళ్లీ లోడ్ చేసుకునే టైమ్ ఉండదు. అందరికన్నా కష్టమైన టార్గెట్ ఉన్నవాడికి అందరికన్నా పాత డివైస్ ఇచ్చినట్టుంది. ఈ సెక్షన్ రాసినవాళ్లకి తుపాకులు ఎక్కువ మంది చేతుల్లోకి పోకూడదన్న భయం ఉంది, అది నాకూ అర్థమవుతుంది. అందరికీ రైఫిళ్లు పంచమని నేనూ అనను.

నేను అడిగేది వేరే. 2022 సవరణ తర్వాత అడవి పంది షెడ్యూల్ 2లో ఉంది. ప్రాణానికో పంటకో ప్రమాదమైతే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ కాల్చడానికి పర్మిషన్ ఇవ్వొచ్చు. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించింది, ప్యానెల్‌లో ఉన్న లైసెన్స్ షూటర్లతో కాల్పిస్తోంది. 2016లో బీహార్‌లోని మొకామాలో 200కి పైగా నీల్‌గాయ్‌లను కాల్చింది హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లే. అంటే స్కిల్ మన తెలుగువాళ్ల దగ్గరే ఉంది. అది మైలవరం చేను దాకా వచ్చేసరికి ఫైల్ మీద సంతకం పడాలి, అప్పటికి కంకి ఇంటికొచ్చేస్తుంది, లేదా పంది పొట్టలోకి పోతుంది. మండలానికో ఇద్దరు ట్రైనింగ్ తీసుకున్న షూటర్లు, ఏటా గురి పరీక్ష, నలభై ఎనిమిది గంటల్లో పర్మిషన్. ఇది ఇవ్వకుండా కరెంటు తీగలు కట్టొద్దని ఫ్లెక్సీలు వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ షూటర్‌కి కిట్ నేను సెలెక్ట్ చేయాల్సి వస్తే డబ్బు మొదట గన్ మీద పెట్టను. థర్మల్ మోనోక్యులర్ మీద పెడతాను. టార్చ్ వెలుగులో రెండు కళ్లు మెరిస్తే అది పందో, కుక్కో, పక్క చేను వాళ్ల దూడో చెప్పడం కష్టం. థర్మల్‌లో మెరుపు కాదు, మొత్తం ఒంటి ఆకారం కనిపిస్తుంది. వెనకాల మంచె మీద పడుకున్న మనిషి కూడా కనిపిస్తాడు. థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్ ఒకటి మండలానికి ఉంటే మంద ఎటు నుంచి దిగుతోందో ముందే తెలుస్తుంది, చాలాసార్లు కాల్చే పనే పడకపోవచ్చు.

పెదనాన్నకి ప్రస్తుతానికి సోలార్ ఫెన్స్ ఎనర్జైజర్ చూస్తున్నాను. సెకనుకి ఒకసారి అతి చిన్న పల్స్ ఇస్తుంది, పందికి షాక్ కొడుతుంది, ప్రాణం తీయదు. ఆయనకి నచ్చిన ఫీచర్ మాత్రం సైరన్.

"కొట్టిందో లేదో మనకి తెలియాలి కదరా" అన్నాడు.