మన పాలు మన కళ్ల ముందే కొలవాలి

పాడి రైతు అక్కల్లారా, చెల్లెళ్లారా, అన్నదమ్ముల్లారా!

తెల్లారగట్ల నాలుగున్నరకు లేస్తాం. పేడ తీసి, కుడితి పెట్టి, పొదుగు కడిగి, బర్రె చేపుకొచ్చాక పిండుతాం. క్యాను తీసుకొని పాల కేంద్రానికి పోతే రెండు నిమిషాల్లో మన కష్టానికి ఖరీదు కట్టేస్తున్నారు. నిన్న వెన్న 6.6, ఇయ్యాల 5.8. బర్రె అదే, మేత అదే. ఇదేందని అడిగితే "మిషను చెప్పిందమ్మా" అంటారు.

మిషను సంగతి తర్వాత. అందులో పోసిన కాసిన్ని పాలు క్యానులో ఎక్కడి నుంచి తీశారో చూడండి. మీగడ పైకి తేలుతుంది. కలియబెట్టకుండా అడుగు నుంచి తీస్తే వెన్న తక్కువే చూపిస్తుంది. పోయిన నెల ఇలాగే తక్కువ చూపిస్తే నేను పట్టుబట్టి, గరిటె అడుగుదాకా దించి కలిపించి, మళ్లీ పరీక్ష చేయించాను. అవే పాలు, 6.5 వచ్చింది! వెనక లైన్లో ఉన్న పదిమందీ చూశారు.

కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. రోజుకు 8 లీటర్లు పోసే ఇంటికి అర శాతం తగ్గించి రాస్తే 40 గ్రాముల వెన్న పోతుంది. అంటే రోజుకు 32 రూపాయలు, నెలకు దాదాపు వెయ్యి. రెండు బర్రెల మీద బతికే ఇంట్లో ఆ వెయ్యి అంటే పిల్లల బస్సు ఫీజు, దాణా బాకీలో ఒక వాయిదా.

మన చేతిలో ఉన్నవి మనమూ వదులుకోవద్దు. వెన్న ఎక్కువుండేది ఆఖరి ధారల్లోనే. దూడకు ముందే కడుపు నిండా తాపి, ఆఖరి పాలు బకెట్లోకి పిండుకోండి. పొద్దున ఎదకొచ్చిన బర్రెకు సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున సూది వేయించండి. ఆ పూట తప్పిందా, మళ్లీ 21 రోజులు ఉత్తిగా మేపాల్సిందే. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తారు, ఒక్క దూడనూ దాచొద్దు. పశువుకు బాగోలేకపోతే 1962కు ఫోన్ చేయండి.

ఇక అసలు మాట. ముల్కనూరులో ఆడవాళ్లే సభ్యులై, 2002 నుంచి స్వకృషి డెయిరీని నడుపుకుంటున్నారు. వాళ్లూ మనలాగే రెండు మూడు పశువులున్న వాళ్లే. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995 నుంచీ ఉంది. వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ముందుకొస్తే సంఘం పెట్టుకోవచ్చు. పరీక్ష మిషను మనదై, దాని ముందు కూర్చునేది మన ఊరి పిల్లే అయితే చీటీ మీద ఏం రాశారో మనకు తెలుస్తుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు, పాలు పిండే వేళకు ముందే, గ్రామ పంచాయతీ దగ్గరికి రండి. నెల రోజుల పాల చీటీలు వెంట తెచ్చుకోండి. చదువు రాకపోయినా ఫరవాలేదు, చదివి లెక్క కట్టేవాళ్లు అక్కడుంటారు. సంఘం నమోదుకు పది పేర్లు కావాలి. మొదటి పేరు నాది రాశాను. ఇంకా తొమ్మిది కావాలి.

ఇట్లు,
మీ ఊరి పాడి రైతు