అబ్రాహాము భూమి కొన్నాడు, మనం రాళ్ళు కొంటున్నాం



ధ్యాన భాగము: ఆదికాండము 23వ అధ్యాయము.

ఈ వారం రాసే మాటలు కొందరికి కోపం తెప్పించవచ్చు. అయినా చివరివరకు చదవమని మనవి.

మొన్నటి వానల్లో మన చుట్టుపక్కల ఒక ఊరిలో ఒక తల్లి భూస్థాపనకు వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. సమాధుల తోటకు దారి లేదు. పక్క పొలం గట్టు మీద, బురదలో జారుతూ పెట్టెను మోశారు. గొయ్యి తవ్వుతుంటే పాత ఎముకలు బయటపడ్డాయి. ఎవరివో చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. తువ్వాలులో చుట్టి అదే గోతిలో ఒక పక్కన పెట్టాం.

ఆ గోతికి పది అడుగుల దూరంలో ఒక నల్ల గ్రానైటు సమాధి మెరుస్తోంది. మెట్లు, స్టీలు రెయిలింగు, రంగుల ఫోటో. దాన్ని కట్టించిన కొడుకు బెంగళూరులో బేల్దారి పని చేస్తూ ఇంకా ఆ అప్పే కడుతున్నాడు. ఆ సమాధి ఆవిష్కరణ రోజున వాక్యం చెప్పింది నేనే. బిర్యానీ తిన్నాను, కవరు తీసుకున్నాను. కాబట్టి ఈ మాటలు ముందుగా నాకే తగలాలి.

ప్రియులారా, ఇప్పుడు 23వ అధ్యాయానికి రండి. శారా 127 ఏళ్ళు బ్రతికి హెబ్రోనులో చనిపోయింది. దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడు మాట ఇచ్చిన అబ్రాహాముకు, ఆ రోజు భార్యను పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. ఆయన ఏడ్చాడు. ఏడ్చి, లేచి, హేతు కుమారుల దగ్గరకు వెళ్ళి, నేను మీ మధ్య పరదేశిని, నాకు శ్మశానభూమి కావాలి అని అడిగాడు.

వాళ్ళు ఏమన్నారో గమనించండి. మా సమాధుల్లో మంచిది చూసుకుని పాతిపెట్టుకో అన్నారు. ఎఫ్రోను అయితే పొలం ఊరికే ఇస్తానన్నాడు. మనమైతే దండం పెట్టి తీసుకునేవాళ్ళం. అబ్రాహాము తీసుకోలేదు. ఊరికే ఇచ్చినది రేపు ఊరికే వెనక్కి పోతుంది. పూర్తి వెల నాలుగు వందల తులముల వెండి, అందరి ఎదుట తూచి ఇచ్చాడు. 17, 18 వచనాలు చూడండి. పొలము, దానిలోని గుహ, పొలంలోని చెట్లు, చుట్టూ ఉన్న పొలిమేరలు, గవినిలో కూర్చున్న సాక్షులు. రిజిస్టరు ఆఫీసులో రాసే దస్తావేజుకు, దీనికి తేడా ఏముంది? అధ్యాయంలో ఇరవై వచనాలు ఉన్నాయి. అందులో సమాధి ఎలా కట్టాడో ఒక్క మాట లేదు. భూమి ఎలా కొన్నాడో వచనం తరువాత వచనం ఉంది.

హెబ్రోనులో ఆ గుహ మీద ఈనాడు కనిపించే పెద్ద రాతి ప్రాకారం హేరోదు కట్టించినదని చరిత్రకారులు చెబుతారు. బేత్లెహేము పసిపిల్లలను చంపించిన ఆ హేరోదే. విశ్వాసులకు తండ్రి భూమి కొన్నాడు. హేరోదు రాళ్ళు పేర్చాడు. మనం ఎవరి అడుగుల్లో నడుస్తున్నాం?

కొందరు నాకు ఎదురు చెబుతారు. వాళ్ళ మాటలు తేలికైనవి కావు, అందుకే ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

మొదటిది. "యాకోబు రాహేలు సమాధి మీద స్తంభం నిలబెట్టలేదా అయ్యగారూ?" నిలబెట్టాడు (ఆది 35:20). ప్రయాణంలో, దారి పక్కన, ఒక గుర్తు. అది తప్పని నేను అనను. పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ రాసిన ఒక చిన్న రాయి ప్రతి సమాధికీ ఉండాలి. అది ఉంటే ఆ రోజు ఆ ఎముకలు ఎవరివో తెలిసేవి. అదే అధ్యాయంలో రిబ్కా దాది దెబోరాను ఒక చెట్టు కింద పాతిపెట్టారు. ఇంటి దాది పేరు, ఆ చెట్టు పేరు కూడా దేవుని గ్రంథంలో నిలిచాయి. గుర్తుకు ఒక రాయి చాలు, ఒక వేపచెట్టు చాలు. అప్పు అక్కరలేదు.

రెండవది. "యాకోబు అంత్యక్రియలు ఎంత వైభవంగా జరిగాయి!" నిజమే. రథాలు, రౌతులు, ఐగుప్తువారి డెబ్బై దినాల దుఃఖం (ఆది 50). అది ఫరో కొలువులో ఉన్న యోసేపు స్థితి. యాకోబు అడిగింది అది కాదు. నన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దు, నా పితరులు కొన్న పొలంలో పెట్టు అని మాత్రమే అడిగాడు. చనిపోయే ముందు కూడా ఆ పొలం ఎవరి దగ్గర కొన్నదో కుమారులకు మళ్ళీ చెప్పాడు (ఆది 49:29-32). యోసేపు కలిగినవాడు, కలిగినదానిలో చేశాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చేయలేదు.

మూడవ మాట అన్నిటికంటె బరువైనది. "అయ్యగారూ, మా తాతలకు ఊరి శ్మశానంలో చోటు ఇవ్వలేదు. వాగు ఒడ్డున కుక్కలు లాగే చోట పాతుకోమన్నారు. ఈనాడు మా నాన్నకు గ్రానైటు సమాధి కడితే అది మా గౌరవం. అది కూడా వద్దంటారా?"

ఆ బాధ నాకు తెలుసు. దాన్ని వాక్యంతో కొట్టివేయను. కానీ అబ్రాహాము కూడా పరదేశిగానే నిలబడ్డాడు. ఆయన తన గౌరవాన్ని రాతి నునుపులో వెదకలేదు, హక్కులో వెదికాడు. మన సమాధుల తోటలు చాలా ఊళ్ళలో ఇంకా పెద్దల నోటి మాట మీద నిలిచినవే. హద్దురాళ్ళు లేవు. ప్రతి ఏడూ పక్క పొలం నాగలి ఒక చాలు లోపలికి వస్తుంది. లక్షలు పెట్టిన సమాధి కింద నేల ఎవరిదో కాగితంలో లేకపోతే ఆ గౌరవం ఎన్నాళ్ళు? ఒక ఇంటి గౌరవం మెరుస్తుంటే పక్కనే మరో తల్లిని ఎముకల మీద ఎముకలుగా పాతిపెడుతున్నాం. అది సంఘం గౌరవమా?

మన విశ్వాసపు పితరులను జ్ఞాపకం చేసుకోండి. 1876-78 నాటి కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర, మన నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి పారే గుండ్లకమ్మలో, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు. వాళ్ళలో ఎందరి సమాధులు మనం ఈ రోజు చూపించగలం? రాయి లేదు, ఫోటో లేదు. అయినా వాళ్ళు విడిచిన స్వాస్థ్యము మన నోటిలో పాటగా, మన చేతిలో బైబిలుగా, చదువుకున్న మన పిల్లలుగా ఉంది. వాళ్ళు మనకు అప్పు విడిచివెళ్ళలేదు.

పితరులు ఏమి విడిచారో కూడా చూడండి. అబ్రాహాము చనిపోకముందే, తన చేతులతోనే ఎవరికి ఇవ్వవలసినది వారికి ఇచ్చాడు (ఆది 25:5, 6). ఆయనను పాతిపెట్టింది ఎవరు? ఇస్సాకు, ఇష్మాయేలు, ఇద్దరూ కలిసి. ఇస్సాకును పాతిపెట్టింది ఏశావు, యాకోబు. ఒకప్పుడు చంపుతానన్న అన్న, పారిపోయిన తమ్ముడు ఒకే గోతి దగ్గర నిలబడ్డారు. మన ఇళ్ళలో పెట్టె ఇంకా ఇంట్లో ఉండగానే భోజనాల ఖర్చు ఎవరిదని అన్నదమ్ములు గొడవపడుతున్నారు. సమాధి మీద అందరి పేర్లూ చెక్కిస్తారు, ఆ పేరున్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

యోసేపు తన ఎముకలను తీసుకువెళ్ళమని ప్రమాణం చేయించాడు. మోషే వాటిని మోశాడు. చివరికి షెకెములో, యాకోబు వెల ఇచ్చి కొన్న భూమిలో పాతిపెట్టారు (యెహోషువ 24:32). మోయగలిగినది ఎముకలు, వాగ్దానం. వెలిగొండ ప్రాజెక్టు కింద సుంకేసుల, గొట్టిపడియ వైపు ఊళ్ళు విడవవలసిన కుటుంబాలను అడగండి, నల్లమల సాగర్ నీళ్ళ కిందికి పోయే నేల నుండి ఏమి మోసుకుపోగలమో వాళ్ళు చెబుతారు. గ్రానైటు పలక అయితే కాదు.

మన ప్రభువుకు సొంత సమాధి కూడా లేదు. అరిమతయియ యోసేపు సమాధిలో పెట్టారు. మూడవ దినమున దాన్ని ఖాళీ చేసి వెళ్ళాడు. పునరుత్థానము నమ్మే మనం, ఖాళీ అయ్యే ఇంటికి అప్పు తెచ్చి రంగులు వేయడమెందుకు?

కాబట్టి నా తీర్మానం చెబుతున్నాను. ఇక మీదట అప్పు చేసి పెట్టే జ్ఞాపకార్థ భోజనాలలో నేను వాక్యం చెప్పను, కవరు ముట్టను. టీ ఇచ్చి పిలవండి, ఎంత దూరమైనా వస్తాను. సంఘ పెద్దలారా, మన తోట సర్వే నంబరు ఎంత, రికార్డులో ఏమని రాసి ఉంది, విస్తీర్ణం ఎంత, సచివాలయంలో అడగండి. కొలతకు అర్జీ పెడదాం. ఒక్క గ్రానైటు సమాధికి పెట్టే డబ్బు హద్దురాళ్ళకు, దారికి, పేరు లేని సమాధులకు చిన్న రాళ్ళకు పెడదాం. ముసలివాళ్ళు బ్రతికి ఉండగానే ఏ సమాధి ఎవరిదో ఒక నోటుబుక్కులో రాసుకుందాం.

వచ్చే ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని తోటకు వెళ్ళినప్పుడు మన కాళ్ళు మన సంఘం హద్దురాయిని తాకాలి. ఆ నేలలో నిద్రించే ప్రతి ఒక్కరి పేరు మనకు తెలిసి ఉండాలి.

అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, మృతులకు కాదు సజీవులకే దేవుడైనవాడు, మన ఇళ్ళను ఈ భారం నుండి విడిపించును గాక. ఆమేన్.