దిద్దరాని గీత

మన పిల్లలు ఓనమాలు దిద్దుతారు. పంతులుగారు పలకమీద పెద్ద ‘అ’ వ్రాసి యిస్తే, అది లావెక్కి గుమ్మడికాయంత అయ్యేదాకా దానిమీదే బలపం తిప్పుతారు. మనకు చదువు మొదలయ్యేదే దిద్దడంతో. జపానులో కుంచెతో వ్రాయడం నేర్చుకునేవారికి మాత్రం వేసిన గీతమీద మళ్ళీ కుంచె పెట్టడం పెద్ద తప్పు. గీత వంకరపోయిందా, ఇంకో కాగితం తీసుకోవలసిందే.

ఈ విద్యను వారు ‘షోదో’ అంటారు. వ్రాత మార్గమని అర్థం. ఇదేదో చిత్రకారులకూ సన్యాసులకూ చెల్లిన వ్యవహారమనుకునేరు! అక్కడ బడిలో మూడో తరగతి నుంచి పిల్లలందరికీ కుంచెవ్రాత పాఠం ఉంది.

తరువాత దిద్దే వీలు లేదు గనుక జాగ్రత్తంతా ముందే పడాలి. సిరా సీసాలలోనూ దొరుకుతుంది. అయినా పద్ధతిగా నేర్చుకునేవారు రాతిపలకమీద కాసిని నీళ్ళు పోసి, సిరాకడ్డీని మెల్లగా అరగదీస్తారు, మనం సానమీద గంధం తీసినట్లు. మసీ జిగురూ కలిపి చేసే ఆ కడ్డీలకు నారా పట్టణం పెట్టింది పేరు. గంధం తీస్తూ తొందరపడితే బరక వస్తుంది చూశారూ, ఇదీ అంతే. ఆ కాసేపట్లో చేతి దూకుడు తగ్గుతుంది.

‘శాశ్వతం’ అనే అర్థమిచ్చే అక్షరం ఒకటుంది. ముఖ్యమైన ఎనిమిది రకాల గీతలూ దానిలోనే ఉన్నాయని దానితో సాధన చేయిస్తారు. కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ పరుగెత్తిందో కాగితం పట్టి యిచ్చేస్తుంది. తటపటాయిస్తే సిరా పాకుతుంది. తొందరపడితే గీత చారలు తేలుతుంది. ఎర్రసిరాతో పైన దిద్దే హక్కు గురువుగారిది!

మరి చేతికాగితం పుట్టుక చూడండి. మల్బరీ జాతి ‘కోజో’ కొమ్మలను చలికాలంలో ఆవిరిపట్టి, బెరడు ఒలిచి, నల్లపొర గీకి, క్షారంలో ఉడకబెడతారు. ఆపైన నీళ్ళలో నారను విప్పుతూ నలుసు నలుసూ చేత్తో ఏరతారు. బియ్యంలో రాళ్ళేరడం మనకు తెలుసు. కొంకర్లుపోయే చలిలో, చన్నీళ్ళలో ఏరడం తెలియదు. నారను చితక్కొట్టి, బెండజాతి మొక్క వేరు జిగట కలిపి, వెదురుతెరమీద అటూ యిటూ ఆడిస్తే పలుచని పొర నిలుస్తుంది. పలుచనే గాని మహా గట్టిది. క్రీ.శ. 702 నాటి కుటుంబాల పట్టీలు నారాలోని షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. దేశదేశాల గ్రంథాలయాలలో చిరిగిన పాత పుటలకు అతుకువేసేది తరచు ఈ కాగితంతోనే.

2014లో యునెస్కో షిమానే, గిఫు, సైతామా ప్రాంతాల చేతికాగితపు పనిని వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే; కాని జాబితా వచ్చి నలుసులు ఏరదుగా! ఈ పనికి దిగే కుర్రవాళ్ళు తక్కువ, కోజో పెంచే రైతులూ తగ్గిపోయారు. బడిపిల్లల సాధనకు యంత్రపు కాగితమే వాడుక. దాన్ని తప్పుపట్టలేం. ఒక్క అక్షరానికి ఇన్ని కాగితాలు తగలేసే విద్యకు ఏ తండ్రి చేతికాగితం కొనిపెట్టగలడు?

కొత్త సంవత్సరంలో జనవరి 2న తొలివ్రాత వ్రాయడం అక్కడి ఆచారం. ఆ కాగితాలను చాలా ఊళ్ళలో జనవరి 15 ప్రాంతాల, ఇంచుమించు మన భోగిమంటల రోజులలోనే, మంటలో వేస్తారు. కాలే కాగితం ఎంత ఎత్తుకు ఎగిరితే ఆ పిల్లవాడి దస్తూరి అంత బాగుపడుతుందట.