పాల సబ్బులో దుర్వాసన: కప్పిపుచ్చడం పరిష్కారం కాదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో మేకల పెంపకం, ఆముదం సాగు చిరకాలంగా ఉన్నవే. ఈ రెండింటినీ కలిపే గృహ పరిశ్రమగా మేకపాల సబ్బు తయారీ మహిళా సంఘాలకు అనువైనదే. అయితే తొలి విడతలోనే దుర్వాసన వస్తే ఉత్సాహం చల్లారిపోతుంది. అప్పుడు సుగంధ తైలం మరికొంత కలపమనడం సులభమైన సలహా. సరైన సలహా మాత్రం కాదు. వాసన ఒక లక్షణం. దాని కారణాన్ని గుర్తించడం నేర్పడమే విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

ఈ వాసనలు ప్రధానంగా రెండు రకాలు. కాస్టిక్ సోడాను పాలలో ఒక్కసారిగా కలిపితే ద్రావణం తీవ్రంగా వేడెక్కుతుంది. లాక్టోజు గోధుమ రంగుకు మారి మాడిన వాసన వస్తుంది. మాంసకృత్తులు విచ్ఛిన్నమై అమ్మోనియా వెలువడుతుంది. సబ్బు ఆరేకొద్దీ ఇది చాలావరకు తగ్గుతుంది. కొన్ని వారాలు లేదా నెలల తర్వాత నారింజ రంగు మచ్చలతో వచ్చే ముక్కిన వాసన వేరు. అది కొవ్వుల ఆక్సీకరణ ఫలితం. కాలంతో పాటు పెరుగుతుంది.

మొదటిదానికి నివారణ చల్లదనం. పాలను గడ్డకట్టించి సోడాను కొద్దికొద్దిగా కలపాలి. ఫ్రిజ్ లేనిచోట సోడాను దాని బరువుకు సమానమైన నీటిలో కరిగించి, చల్లార్చి, నూనెలో కలిపాక మిగిలిన ద్రవభాగాన్ని పాలుగా చేర్చవచ్చు. సోడాను నీటిలో వేయాలి గాని నీటిని సోడాపై పోయరాదు. అల్యూమినియం పాత్రలు పనికిరావు. స్టీలు పాత్రలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

రెండవదానికి తాజా నూనె, కచ్చితమైన తూకం అవసరం. అదనపు కొవ్వు సుమారు 5 శాతానికి మించకపోవడం మేలు. ఆముదం 5 నుంచి 10 శాతం చాలు; ఎక్కువైతే సబ్బు మెత్తబడి జిగురవుతుంది. బోరు నీటిలో ఇనుము ఉంటే ఆక్సీకరణ వేగవంతమవుతుంది కనుక స్వేదన జలం వాడాలి. సబ్బులను గాలి ఆడే నీడలో 4 నుంచి 6 వారాలు ఆరబెట్టాలి.

అందువల్ల సబ్బు ముక్కలు కోసిన నాటితో శిక్షణ ముగియరాదు. కంపాసాగర్, పాలెం వంటి కృషి విజ్ఞాన కేంద్రాలు ఆరు వారాల తర్వాత అదే సబ్బును అవే మహిళల చేత పరిశీలింపజేయాలి. తూకం, ఉష్ణోగ్రత, తేదీ, వాసన నమోదు చేసే పుస్తకం ప్రతి సంఘం వద్ద ఉండాలి. విక్రయానికి 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం లైసెన్సు అవసరమన్న విషయాన్ని పెట్టుబడి పెట్టకముందే చెప్పాలి. పరిమళం ఒక విడత సబ్బును అమ్మించగలదేమో. కొన్నవారిని మళ్లీ రప్పించేది నాణ్యత మాత్రమే.